రఫూ అమ్మగారి కోడలు చూసిన పిట్ట

ఆ వీధిలో సొంత పేర్లతో ఎవరికీ పని పడదు. రఫూ కొట్టు నడిపే ఆవిడ ఒక్కతే అందరికీ ఆనవాలు. ఆవిడ భర్త "రఫూ అమ్మగారి ఆయన". బేకరీలో పనిచేసే కొడుకు "రఫూ అమ్మగారి అబ్బాయి". కొట్టు గుమ్మంలో అడ్డంగా పడుకునే పిల్లి కూడా "రఫూ అమ్మగారి పిల్లి"యే. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన పిల్లకు ఇంకో పేరు ఎక్కడినుంచి వస్తుంది? పెళ్ళయిన మర్నాటినుంచే ఆమె "రఫూ అమ్మగారి కోడలు" అయిపోయింది.

ఇందులో రఫూ అమ్మగారికి అభ్యంతరం లేదు సరికదా, లోలోపల బోలెడు గర్వం. ఎందుకుండకూడదు? కోటు భుజం మేకుకు తగిలి జానెడు చిరిగితే, అదే కోటు లోపలి మడతలోంచి పోగులు లాగి, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి అల్లుకుంటూ పోయి, చిరుగు ఎక్కడుందో తెచ్చినవాడే కనిపెట్టలేనట్టు చేసి ఇచ్చేది. పనితనం ఎంతో నోరూ అంత. పెదాల మధ్య గుండుసూదులు కరిచిపట్టుకుని కూడా అవతలివాళ్ళ ఏడు తరాల మంచిచెడ్డలు అడిగేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా ఎరుగుదురు. తమ నోటితో చెప్పుకోలేని కబురేదైనా ఊరందరికీ చేరాలంటే, "ఎవరికీ చెప్పకండి" అని ఆవిడకు చెప్పి వెళ్ళేవారు.

కోడలు దీనికి పూర్తిగా ఎదురు. పది మాటలు కావలసినచోట రెండు వాడి, మిగతావి రేపటికి దాచుకునే రకం. కొట్టు వెనక గదిలో ఇస్త్రీ చేయడం, మడతలు పెట్టడం, పూర్తయిన బట్టలు ఇళ్ళకు చేర్చడం ఆమె పని. సెలవు వస్తే చాలు, మెడలో బైనాక్యులర్ తగిలించుకుని సముద్రపు ఒడ్డుకు పోయేది. ఆ ఒడ్డున ఇసుక తక్కువ. అంతా నల్లటి బండలు, వాటి సందుల్లో పాచి, గుల్లలు, చలికాలమైతే ముఖం కోసే గాలి. జనం దుప్పట్లోంచి కాలు బయటపెట్టని రోజుల్లో ఈ పిల్ల పిట్టల కోసం ఆ బండల మీద కూర్చునేది. తమను చూడమని ఆ పిట్టలు ఎవర్నీ అడగలేదు కదా, కందకు లేని దురద కత్తిపీటకెందుకని అత్తగారు సణిగేది. కోడలు చిన్నగా నవ్వి, టోపీ చెవుల మీదికి లాక్కుని వెళ్ళిపోయేది.

వేప తీపి, అత్త మంచి ఎక్కడా ఉండవంటారు. ఈ అత్తగారు చేదేమీ కాదు గానీ, తీపి బయటికి కనిపిస్తే పరువు తక్కువని ఆవిడ నమ్మకం. కోడలు రాళ్ళ మీదనుంచి వణుక్కుంటూ వచ్చేసరికి వేడినీళ్ళు సిద్ధంగా ఉండేవి, తిట్లూ సిద్ధంగా ఉండేవి.

కిందటి చలికాలంలో ఒక రోజు కోడలు లైట్‌హౌస్ కాపలాదారుకు అతని కోటు ఇచ్చి తిరిగివస్తూ ఒక బండ దగ్గర ఆగింది. సముద్రం అప్పుడు మంచి పోటు మీద ఉంది. అల విరిగేచోట ఆమెకు రాతి ఉల్లంకులు కనిపించాయి. ఉల్లంకి అంటే నీటి ఒడ్డున పొడుగు ముక్కుతో పురుగులు ఏరుకునే చిన్న పిట్ట. అందులో ఈ రకం తడి రాతి రంగులో కలిసిపోయి ఉంటుంది, అల తగిలే బండ మీద తప్ప ఇంకెక్కడా నిలవదు. పుస్తకంలో బొమ్మ ఉంది గానీ ఆ ఒడ్డున చూసినవారు లేరు. ఊళ్ళో పక్షుల సంఘంవాళ్ళు ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా వెతికి వదిలేశారు. నిన్నగాక మొన్న సంఘంలో చేరిన పిల్ల ఒంటరిగా వెళ్ళి చూసొచ్చానంటే కొందరికి మింగుడుపడలేదు.

సంఘానికి పెద్ద ఒక లెక్కల మాస్టారు. బడి వదిలి చాలాకాలమైనా లెక్క వదల్లేదు ఆయన. అరుదైన పిట్ట విషయంలో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. దాన్ని ఇద్దరు చూడాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. మొదట చూసినవాళ్ళు రెండోవాళ్ళకు వేలు మాత్రమే చూపించాలి, నోరు విప్పకూడదు. ఏం కనిపించిందో రెండోవాళ్ళే తమంతట తాము చెప్పాలి. ముందే చెప్పి చూపిస్తే మనిషి కన్ను తనకు కావలసిందే చూస్తుందని ఆయన వాదన. కోడలి విషయంలో రెండో మనిషి లేడు. అందుకని లైబ్రరీ గోడకున్న నల్లబల్ల మీద ఆయన "రాతి ఉల్లంకులు, చూసినవారు రఫూ అమ్మగారి కోడలు" అని రాసి, పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టారు. మరుసటి చలికాలం ముగిసేలోగా అదే చోట ఇంకెవరైనా చూస్తే ఆ గుర్తు పోతుంది. లేకపోతే ఆ వరస మొత్తం చెరిపేస్తారు.

కోడలు ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఏడాదిపాటు కడుపులో దాచుకుంది.

ఈ చలికాలం మొదట్లో లైబ్రరీ తెరలు చిరిగాయని కబురొస్తే రఫూ అమ్మగారు చూడటానికి వెళ్ళింది. టేపు పట్టుకుని కిటికీ దగ్గరనుంచి ఇటు తిరిగేసరికి ఎదురుగా నల్లబల్ల. తన పేరు కనిపిస్తే ఎవరు చదవకుండా ఉంటారు? చదివింది. చివరనున్న గుర్తు దగ్గర కన్ను ఆగిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

మాస్టారు అక్కడే పేపరు చదువుకుంటున్నారు. ఇదేమిటని అడిగితే ఆయన నియమం చెప్పారు. ఆ నియమం గురించి ఆవిడ తన అభిప్రాయం చెప్పింది. లైబ్రేరియన్ కాసేపు పెదాల మీద వేలు పెట్టుకుని చూసి, లాభం లేక లేచి వీధి తలుపు మూశాడు, బయట జనం ఆగుతున్నారని.

"నా కోడల్ని అంటే నేనంటాను మాస్టారూ," అంది ఆవిడ చివరికి. "చలిలో తిరుగుతోందని అంటాను, ఇస్త్రీ మీద ధ్యాస లేదని అంటాను. అబద్ధమాడిందని నేనే ఏనాడూ అనలేదు. మీరెవరండీ అనడానికి?"

"నేనూ అనలేదమ్మా. ఇంకొకరు చూస్తే బాగుండునని అడుగుతున్నాను, అంతే," అన్నారు మాస్టారు. ఆయన ముఖంలో వెటకారం లేకపోవడం ఆవిడకు ఇంకా కోపం తెప్పించింది. పోట్లాటలో అవతలివాడు మెత్తగా మాట్లాడితే ఇక తిట్టేదెలా?

ఇంటికి వచ్చి కోడల్ని నిలదీసింది. కోడలు ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి, చేతిలోని చొక్కా మడత పూర్తిచేసింది.

"చూశాను అత్తయ్యా. ఎవరూ నమ్మకపోయినా పర్లేదనుకున్నా. కానీ ఆ వరస చెరిపేస్తే మాత్రం సంఘంవాళ్ళ బైనాక్యులర్ వాళ్ళకిచ్చేస్తాను. నా మాట నిలవనిచోట నేనెందుకు?"

ఆ బైనాక్యులర్ ఏ సముద్రంలోనో పడిపోతే పీడా వదులుతుందని ఇన్నాళ్ళూ కోరుకున్న మనిషికి ఆ మాట అస్సలు నచ్చలేదు. రాళ్ళ మీదనుంచి వచ్చినప్పుడు ఈ పిల్ల ముఖంలో ఉండే వెలుగు ఆవిడకు తెలియంది కాదు. చలికి ముక్కు ఎర్రబడి, వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నా, ఆ కాసేపు తనకు తానే మాట్లాడుకునేది, రెండుకు బదులు ఇరవై మాటలు. ఆ ఇరవై మాటలూ ఇక వినపడవన్నమాట.

ఆ రోజునుంచి సణుగుడు దిశ మార్చింది. సెలవు రోజున కోడలు కాస్త ఆలస్యంగా లేస్తే, ఇంకా పడుకున్నావేం, రాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్తారని గదమాయించేది. కొట్టుకు వచ్చినవాళ్ళందర్నీ సముద్రం వైపు వెళ్తే రాళ్ళ మీద చూడమని పురమాయించేది. అరడజనుమంది రకరకాల పిట్టల్ని చూసి వచ్చి చెప్పారు, అందులో ఒకటి కోడి. చలికాలం కరిగిపోతోంది గానీ రాతి ఉల్లంకి జాడ లేదు. కొడుక్కు ఇదంతా వింతగా ఉండేది. అమ్మా, నీకూ పట్టిందా ఈ పిచ్చి అని అడిగితే, ఆవిడ, పిచ్చి కాదు, పరువు అంది.

సంఘంవాళ్ళు చలికాలంలో చివరిసారి ఒడ్డుకు వెళ్ళే రోజు వచ్చింది. రఫూ అమ్మగారు తానూ బయలుదేరింది. భర్త పాత కోటు వేసుకుంది, పైన ఉన్ని శాలువా కప్పుకుంది. కోటు కాలరుకు దారంతో సహా ఒక సూది గుచ్చుకుంది, ఎక్కడికి వెళ్ళినా అలవాటు. మోకాళ్ళ నొప్పితో ఆ బండలెలా ఎక్కుతారని కోడలు అడిగితే, నువ్వు నీ పిట్టల్ని చూసుకో, నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటానంది.

సంఘంవాళ్ళు మొదటినుంచీ ఆటు సమయంలోనే వెళ్ళేవారు. నీళ్ళు వెనక్కి తగ్గి ఉంటే నడవడానికి జాగా ఉంటుంది, కాళ్ళు తడవవు. పోటు మీద వెళ్దామని కోడలు కిందటేడు ఒకసారి చెప్పింది. ఒక్కసారే చెప్పింది, అదీ ఆమె పద్ధతి. ఎవరి చెవికీ ఎక్కలేదు. అలవాటు అలవాటే మరి, తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఈసారీ ఆటు సమయానికే వెళ్ళి, వరసగా నిలబడి, ఖాళీ బండల్ని చూడటం మొదలుపెట్టారు.

చాలాసేపు ఏమీ లేదు. గాలి హోరు తప్ప. రఫూ అమ్మగారికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, రాళ్ళన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. నీళ్ళు మళ్ళీ పైకి రావడం మొదలైంది. అందరూ చేతులు రుద్దుకుంటూ ఇక వెళ్దామన్నట్టు చూస్తుండగా మాస్టారు చెయ్యెత్తారు. దూరంగా ఒక బండ మీద ముదురు రంగు పిట్ట ఒకటి వంగి ఏదో పొడుస్తోంది.

"రాతి ఉల్లంకి," అన్నారాయన. "నేను చూశాను. ఇక గుర్తు తీసేయొచ్చు."

వెనకనుంచి ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. రఫూ అమ్మగారి ప్రాణం లేచొచ్చింది. ఇక కోడలు అవునంటే సరిపోతుంది. కోడలు బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుంది. తొందర లేకుండా చూసింది. దించింది.

"కాదు మాస్టారూ. అది రాయితిప్పుడు పిట్ట. ముక్కు పొట్టి, కాళ్ళు నారింజ. చలికాలం అంతా ఇక్కడ ఉండేదే."

 ఆ పిట్ట ఏదో మాస్టారికి తెలియక కాదు. లైబ్రరీలో రఫూ అమ్మగారు అన్న మాటలు ఆయన లోపల అప్పటినుంచీ గుచ్చుకుంటున్నాయి. ఆ పిల్ల బైనాక్యులర్ వెనక్కి ఇస్తుందన్న కబురు కూడా చేరింది (ఎవరి ద్వారా చేరిందో వేరే చెప్పాలా?). చివరి రోజు, దూరపు పిట్ట, పోనీలే అనుకున్నారు. ఆయన ముఖం చూస్తే అది అందరికీ అర్థమైంది.

అత్తగారికి మాత్రం ఒళ్ళు మండింది. నోటికాడికి వచ్చిన ముద్దను నేలపాలు చేసిందే! తల ఊపితే ఏం పోయింది? మాస్టారంతటివాడు తనే చూశానన్నాక నీకెందుకమ్మా? కోడల్ని పట్టుకుని నాలుగు దులిపేద్దామని అటు తిరిగింది. కోడలు బైనాక్యులర్ అద్దాల మీది ఉప్పు తుంపర్లను గుడ్డతో తుడుచుకుంటోంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తనకు కావలసిన ఒకే ఒక్క మాటను ఎదురుగా పెట్టి తీసుకోమంటే, అది నిజం కాదని వదిలేసి, తాపీగా అద్దాలు తుడుచుకుంటోంది.

అత్తగారి కోపం ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియలేదు. దాని చోట ఇంకోటి వచ్చి గుండెంతా నిండిపోయింది. నా ఇంటి పిల్ల, అనుకుంది. నా ఇంటి పిల్ల ఇది.

"ఏమండీ, అందరూ వినండి," అంది సంఘంవాళ్ళ వైపు తిరిగి, గాలికి ఎదురుగా. "లేని పిట్టను ఉందనమంటే ఇవాళ అనని పిల్ల, కిందటేడు మాత్రం ఎందుకంటుంది?"

 మాస్టారు తల దించుకుని, మీ కోడలి మాట తాను నమ్ముతున్నానని, గుర్తు ఇవాళే తీసేస్తానని అన్నారు. కోడలే ఒప్పుకోలేదు. తనకోసం నియమం మార్చవద్దని, నీళ్ళు పైకి వస్తున్నాయి కాబట్టి ఆ చివరి బండలదాకా ఇంకోసారి చూసి వస్తానని చెప్పి ముందుకు నడిచింది. మిగతావాళ్ళు గట్టు మీదికి, ఫ్లాస్కులో టీ ఉన్నవైపు, వెళ్ళారు.

రఫూ అమ్మగారు కూడా కదలబోయింది. మోకాలు పట్టేసింది. ఎత్తుగా ఉన్న ఒక బండ మీద చతికిలబడింది. పెద్దావిడను అలా వదిలి వెళ్ళడానికి మనసొప్పక మాస్టారు పక్కనే నిలబడ్డారు.  ఆయనకు సిగ్గు, ఆవిడకు బిగువు. నీళ్ళు ఒక్కో బండనూ ముంచుకుంటూ పైకి వచ్చాయి. కిందనున్న పాచి అంతా మునిగింది. ఇందాక వాళ్ళు తిరిగిన జాగా అంతా మునిగింది. ఇక వాళ్ళకు ఎదురుగా ఉన్న నల్లబండ ఒక్కటే మిగిలింది, దాని అంచున అల విరుగుతోంది.

అల విరిగి వెనక్కి పోయింది. ఒక రాయి గెంతింది.

రఫూ అమ్మగారు కళ్ళు తుడుచుకుని చూసింది. రాళ్ళు గెంతవు కదా. ముందు రోజు కోడలు చెప్పిన మాట గుర్తొచ్చింది, "రాయి కదిలినట్టు ఉంటుంది అత్తయ్యా, అంతే." మళ్ళీ అల వచ్చింది. మళ్ళీ గెంతింది. దాని పక్కన ఇంకోటి. కింది మునిగిన బండల మీదనుంచి నీళ్ళు తరిమితే పైకి వచ్చి చేరినట్టున్నాయి.

కేక గొంతుదాకా వచ్చింది. అప్పుడే నియమం కూడా గుర్తొచ్చింది. తను ఇంటి మనిషి, తన చూపు కోడలికి పనికిరాదు. మాస్టారు చూడాలి. చెప్పకుండా చూడాలి. జీవితంలో మొదటిసారి రఫూ అమ్మగారు నోరు గట్టిగా మూసుకుని, వేలు మాత్రం చాపింది.

మాస్టారు వంగి చూశారు. రాయేగా అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకో చోట చూశారు, పాచి అన్నారు. ఇక ఆవిడ పడిన యాతన చెప్పనలవి కాదు. కాస్త ఎడమకయ్యా! ఆ పసుపు కాళ్ళు కనపడట్లేదా! మాటలన్నీ పళ్ళ వెనక బారులు తీరాయి. ఒక్కటి జారినా కోడలి చలికాలమంతా గంగపాలే. శాలువా కొసను నోట్లో కుక్కుకుంది. వేలు మాత్రం దించలేదు.

"కనపడట్లేదమ్మా," అన్నారు మాస్టారు. "కనపడిందని ఈసారి ఊరికే అనను."

పెద్ద అల ఒకటి వచ్చి బండ అంచును కొట్టింది. మాస్టారు బైనాక్యులర్‌ను అలాగే కళ్ళకు పట్టి ఉంచారు. తర్వాత ఆయన గొంతు బడిలో లెక్క చెప్పేటప్పటి గొంతులా నెమ్మదిగా వచ్చింది.

"కదిలింది. కాళ్ళు పసుపు. ముక్కు పొడుగు, మొదట్లో నారింజ, కొస నలుపు. ఒళ్ళు తడి రాతి రంగు, మీద ఊదా ఛాయ. అల వస్తే ఎగరలేదు, ఒక్క గెంతు గెంతింది." ఆయన బైనాక్యులర్ దించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాతి ఉల్లంకి. రఫూ అమ్మగారూ, ఇక మీరు మాట్లాడొచ్చు."

తీరా మాట్లాడమంటే మాట రాలేదు. శాలువా కొస నోట్లోంచి తీయడం కూడా మరిచిపోయి, దూరంగా ఉన్న కోడలి వైపు చెయ్యి ఊపింది. కోడలు బండల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చింది. వచ్చి ముందు పిట్టల్ని చూడలేదు, అత్తగారిని చూసింది. ఆవిడ కళ్ళు, నోట్లోని శాలువా, చాపిన వేలు. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ బండ మీదే అత్తగారి పక్కన ఒదిగి కూర్చుంది.

"నువ్వు చెప్పినట్టే ఉన్నాయే," అంది అత్తగారు, ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ వినని చిన్న గొంతుతో.

మర్నాడు లైబ్రరీ నిండా జనం. ఎలా తెలిసిందని అడగకండి, ఆవిడ గొంతు పొద్దుటికల్లా మామూలైపోయింది. అందరి ముందూ మాస్టారు తడిగుడ్డతో ఆ ప్రశ్న గుర్తును తుడిచేశారు. గుర్తు ఉన్నచోట బల్ల తడిగా, నల్లగా మెరిసింది. కోడలు బైనాక్యులర్ మెడలోనే ఉంచుకుని, కిటికీ దగ్గర నిలబడి, ఆ తడి ఆరేదాకా చూసింది.

ఇప్పుడు ఈ చలికాలపు వరస రాయాలి. మాస్టారు సుద్దముక్క తీసుకుని, "రాతి ఉల్లంకులు, మొదట చూసినవారు" అని రాసి, తర్వాత "రఫూ" అని మొదలుపెట్టారు.

"ఆగండి మాస్టారూ," అంది ఆవిడ. "అలా కాదు."

మరేం రాయమంటారని ఆయన అడిగారు. ఆవిడ కోటు సర్దుకుంది. ఊళ్ళో పిల్లి దగ్గరనుంచి అందర్నీ తన పేరుతో పిలిపించుకున్న మనిషి, లైబ్రేరియన్ చూస్తుండగానే, ఆ గది దద్దరిల్లేలా చెప్పింది.

"ఉల్లంకి అమ్మాయి అత్తగారు అని రాయండి."